రెండు ఎడమ చేతుల కోటు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా షెడ్డులో అందరికీ తెలుసు. మెళ్ళో విజిల్ వేలాడుతూ ఉంటుంది. పొద్దున ఎనిమిదింటికి ఒకసారి, భోజనానికి ఒకసారి, సాయంత్రం ఐదింటికి ఒకసారి ఊదుతాను. మధ్యలో ఎవరైనా కబుర్లలో పడితే అదనంగా ఇంకోసారి. అందుకే నా వెనకాల నన్ను విజిలమ్మ అంటారు, ఎదురుగా అక్కా అంటారు. రెండూ నాకు వినబడతాయి.

మేం కుట్టేవి యూనిఫారాలు. బస్సు కండక్టర్లవి, కాపలావాళ్ళవి, రైళ్ళు నడిపేవాళ్ళవి. ముప్ఫై నాలుగు మిషన్లు, రెండు వరసలు. ఒక్కొక్కరిది ఒక్కో ముక్క. కాలరు కుట్టేవాళ్ళు కాలరే కుడతారు, జేబువాళ్ళు జేబే. మొదటి మిషను దగ్గర గుడ్డముక్కగా బయల్దేరింది చివరి మిషను దాటేసరికి కోటు అవుతుంది. దాన్ని మొత్తంగా కుట్టిన మనిషంటూ ఎవరూ ఉండరు. ఆ పద్ధతి వల్లే పదకొండు నెలలుగా మా షెడ్డు కోటు ఒక్కటి కూడా చెక్కింగ్‌లో వెనక్కి రాలేదు. ఈ మాట నేను చాలామందికి చెప్పాను. ఇంకా చెబుతాను.

అలాంటి రోజుల్లో పైఆఫీసు నుంచి ఒక ఆఫీసరమ్మ పసుపురంగు కార్డుల కట్ట పట్టుకుని వచ్చింది. ఒక్కో కార్డు మీద ‘ఈ ఏడాది నా లక్ష్యం’ అని అచ్చువేసి, కింద మూడు గీతలు గీసి ఉన్నాయి. ఎవరి కార్డు వాళ్ళే రాసుకోవాలట. మనిషిని లోపల్నుంచి కదిలించేదేమిటో తెలిస్తే పని దానంతటదే నడుస్తుందట. నేను తలూపుతూ విన్నాను. ముప్ఫై ఏళ్ళుగా వీళ్ళని కదిలిస్తున్నది నా విజిలే కదా అని లోపల అనుకున్నాను.

కార్డులు పంచితే అరపూట పని మట్టిగొట్టుకుపోతుంది. అందుకని భోజనం వేళ నేనే కూర్చుని అందరివీ రాసి పారేశాను. ‘రోజుకు పది కాలర్లు ఎక్కువ కుడతాను.’ ‘దారం వృథా చేయను.’ కటింగ్ మాస్టరుకు ‘ఇంకా త్వరగా కోస్తాను’ అని రాశాను. అందరూ కిక్కురుమనకుండా సంతకాలు పెట్టారు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఒక్క కార్డు మాత్రం వెనక్కి వచ్చింది. తెచ్చింది వదిన.

ఆమెను షెడ్డంతా వదిన అనే పిలుస్తుంది. నాకంటే ఆరేళ్ళు చిన్నదైనా నేనూ అదే అంటాను. రెండో వరస మూడో మిషను ఆమెది. ఎడమ చేతులు కుడుతుంది. కోటు చెయ్యంటే గొట్టంలా చుట్టేది కాదు. పైముక్క, కిందిముక్క కలిపి మోచేతి దగ్గర కాస్త ముందుకు వంగేలా కుట్టాలి. ఆమె పక్కనే కుడి చేతులు కుట్టే బాబాయి కూర్చుంటాడు. వదిన నోరు విప్పడం తక్కువ, ఆయన మూయడం తక్కువ. అందుకని వాళ్ళ లెక్క సరిపోతుంది.

“అక్కా, ఈ కార్డు నాది కాదు,” అంది వదిన.

“పైన నీ పేరే ఉంది కదమ్మా.”

“పేరు నాదే. కింద రాసిన కోరిక మీది.”

నాకు చుర్రుమంది. “సరే తల్లీ, మరి నీ కోరికేంటో సెలవియ్యి.”

“ఒక కోటు కుట్టాలి.”

“రోజూ కుడుతున్నవేంటి, గోనెసంచులా?”

“రోజూ ఎడమ చెయ్యి కుడుతున్నాను. ఇరవై రెండేళ్ళయింది. కోటు ఇంతవరకూ కుట్టలేదు,” అంది. ఆ గొంతులో కోపం లేదు, దిగులూ లేదు. కొలత చెప్పినట్టు చెప్పింది.

నేను విజిల్ నోట్లో పెట్టుకోబోయి ఆగాను. ఆమె ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు. కుర్చీ చూపించాను. అప్పుడు చెప్పింది అసలు సంగతి.

ఆమెకు ఒక్కతే కూతురు, చిట్టి. చిన్నప్పుడు బడికి తీసుకెళ్ళే దారిలో ఒక గేటు దగ్గర రైలు కోసం ఆగేవాళ్ళట. ఇంజను దాటుతుంటే నడిపే మనిషి ఎడమ చెయ్యి కిటికీ మీద ఆనించి కనబడేది. “అదిగో, ఆ చెయ్యి నేను కుట్టిందే,” అనేది వదిన. ఇక ఆ పిల్ల బడిలో అందరికీ చాటేసింది, రైలు నడిపే చెయ్యి మా అమ్మదే అని. ఎక్కడ యూనిఫారం కనబడ్డా దగ్గరికెళ్ళి ఎడమ చెయ్యి ముట్టుకుని వచ్చేదట. ఎనిమిదేళ్ళప్పుడు మాత్రం ఒకరోజు అడిగింది. “అమ్మా, మరి మిగతా కోటంతా ఎవరిది? నీకు ఒక్క చెయ్యేనా వచ్చు?”

“దాని మాటలో తప్పేం లేదు అక్కా. పిల్ల కదా, తోచింది అడిగింది,” అంది వదిన. “నాకే ఆ ప్రశ్న ఇప్పటిదాకా అరగలేదు.”

ఆ చిట్టి ఇప్పుడు రైలు నడపడం నేర్చుకుని పరీక్ష నెగ్గింది. మూడు వారాల్లో బ్యాడ్జీ ఇస్తారు. ఆమెతోపాటు ఇంకో ముప్ఫై తొమ్మిదిమందికి. ఆ నలభై కోట్ల ఆర్డరు మా షెడ్డుకే వచ్చింది. ఇరవై ఏడో నంబరు కొలత చీటీ మీద చిట్టి పేరు చూసుకున్న దగ్గర్నుంచి వదిన కంటిమీద కునుకు లేదు. ఆ ఒక్క కోటు, కత్తెర వేయడం దగ్గర్నుంచి చివరి బొత్తాం దాకా, తన చేతులతో కుట్టాలి. అదీ ఆమె లక్ష్యం.

నేను మేనేజరు దగ్గరికి వెళ్ళాను. ఆయన నా మాట విని కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“మీరేనా ఈ మాట అంటున్నది? పద్ధతి, పద్ధతి అని నా చెవులు చిల్లులు పొడిచింది మీరే కదండీ!”

“నేనే. ఇప్పుడూ నేనే.”

“బ్యాడ్జీలకు ముందు శుక్రవారం చెక్కింగ్ ఆయన వస్తాడు. కోటు ఎవరు కుట్టారో చెప్పడానికి వీల్లేదు. ఆయన తీసేశాడంటే ఇంకోటి కుట్టే గడువు లేదు. అందరూ కోట్లు వేసుకుని నిలబడితే ఆ అమ్మాయి ఒక్కతే వట్టి చొక్కాతో నిలబడుతుంది. ఆలోచించుకోండి. మీ పదకొండు నెలల రికార్డు సంగతి కూడా.”

ఆలోచించుకున్నాను. ఆఫీసు గుమ్మం దాటే లోపే అయిపోయింది.

మర్నాటి నుంచి రోజూ భోజనం గంటలో పాఠాలు. పాత గుడ్డ మీద నేర్చుకుని తర్వాత అసలు గుడ్డ మీద చెయ్యాలని నియమం పెట్టాను. నేనే నేర్పుతానని చీర కొంగు దోపుకుని మరీ కూర్చున్నాను. కాలరు దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి ఆగిపోయింది. నేను జేబుల మిషను మీంచి పైకొచ్చినదాన్ని. ముప్ఫై ఏళ్ళలో కాలరు తిప్పమని జనాన్ని అరిచానే గానీ ఒక్కటీ తిప్పలేదు. నేనూ ఎప్పుడూ కోటు కుట్టలేదన్నమాట. ఆ సంగతి నాకు ఆ నిమిషం దాకా తట్టలేదు. సిగ్గేసింది, చెప్పడానికేం.

కాలర్లు కుట్టే పిల్ల టిఫిన్ డబ్బా పక్కన పెట్టి లేచి వచ్చింది. “జరగండక్కా, మూల ఇలా తిప్పాలి,” అంది. రెండోరోజు లైనింగ్ ఆవిడ వచ్చింది. మూడోరోజు కాజాలాయన వచ్చాడు. ఆయన షెడ్డులో ఎవరితోనూ మాట్లాడడు, పొగరనుకునేదాన్ని. తీరా చూస్తే కాజా చుట్టూ దారం ఎలా తిప్పాలో గంటసేపు ముచ్చట పడుతూ చెప్పాడు. ఎవరూ అడగలేదట, అందుకని చెప్పలేదట. అప్పుడప్పుడు భోజనం గంట అయిపోయినా నేను విజిల్ ఊదడం మరిచిపోయేదాన్ని. అయినా ఆ మూడు వారాల్లో పని వెనకబడలేదు. ఎందుకు వెనకబడలేదా అని చాలా ఆలోచించాను. ఆ పసుపు కార్డులు గుర్తొచ్చి నా మీద నాకే ఒళ్ళు మండింది.

ఒక్క విషయంలో మాత్రం వదిన ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు.

“చేతులు మాత్రం నాకెవరూ నేర్పక్కర్లేదు,” అంది. నిజమే కదా. వదిన చేతులకు వంక పెట్టేదెవరు?

అక్కడే మా కొంప మునిగింది.

చివరి వారం సోమవారం అసలు గుడ్డ మీద కత్తెర పెట్టింది. మంగళవారం కోటు ఒళ్ళు తయారైంది. కాలరు కత్తిలా నిలబడింది. జేబులు నేను చూశాను, నా జేబుల్లాగే ఉన్నాయి. బుధవారం రెండు చేతులూ కుట్టి అతికించి, కోటును షెడ్డు మూలనున్న మనిషి బొమ్మకు తొడిగింది. అందరం చుట్టూ చేరాం. ఎడమ చెయ్యి ఒయ్యారంగా ముందుకు వంగి ఉంది. కుడి చెయ్యి వీపు వెనక్కి వంగి ఉంది.

ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. బాబాయి ముందుకొచ్చి ఆ చెయ్యి పట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

“అమ్మాయ్, ఇది కూడా ఎడమ చెయ్యే!” అన్నాడు.

ఇరవై రెండేళ్ళలో ఆమె చేతికి ఒక్క కుడి ముక్క రాలేదు. కుడిచేతికి నమూనా అట్టను బోర్లా తిప్పి గీసుకోవాలి. ఈవిడ రెండుసార్లూ ఒకేవైపు పెట్టి గీసేసింది. చెయ్యి తనకు తెలిసిన దారినే పోయింది. చూడాల్సిన మేము, వదిన చేతులు కదా అని చూడనేలేదు.

షెడ్డు పగలబడి నవ్వింది. ఆ బొమ్మ తన వీపు తానే గోక్కుంటున్నట్టు ఉంటే నవ్వు రాక ఏం చేస్తుంది? నేనూ నవ్వాను. వదిన కూడా నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయి, మొహం రెండు చేతుల్లో దాచుకుని అక్కడే స్టూలు మీద కూలబడింది. గోడ మీద గడియారం చూశాను. శుక్రవారం పదకొండింటికి చెక్కింగ్.

“గుడ్డేదీ?” అన్నాను. నలభై కోట్లకు సరిగ్గా సరిపడా కొలిచి పంపిన తాను అది. తప్పు కోసిన చెయ్యి తిరగేసి కుడదామంటే గుడ్డకు లోపలి వైపు మెరుపు లేదు, పట్టిచ్చేస్తుంది.

కటింగ్ మాస్టరు తన బీరువా దగ్గరికి వెళ్ళాడు. ఆ బీరువా తాళం ఆయన ఎవరికీ ఇవ్వడు. తలుపు తీస్తే లోపల అరల నిండా మడతపెట్టిన గుడ్డలు. ఒక్కోదాని మీద చీటీ: తేదీ, ఏ ఆర్డరు, ఎంత మిగిలింది. ముక్కలు ఇరికించి, ఇంకొంచెం ఇరికించి పేర్చి, ప్రతి తాను లోంచీ మూరో జానో మిగిల్చిన గుడ్డలవి.

“పైవాళ్ళకు తెలిస్తే వచ్చేసారి అంత తగ్గించి పంపిస్తారు, అందుకే చెప్పలేదు,” అన్నాడు. పైనుంచి నీలం మడత ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. “ఈ తాను లోంచి మిగిల్చాను. ఒక చేతికి ఖచ్చితంగా వస్తుంది. ఇదీ అక్కా నా కార్డు. ‘త్వరగా కోస్తాను’ అని మీరు రాశారే, అది కాదు.”

ఆ మడత విప్పి, మూరతో కొలిచి, మళ్ళీ మడిచాను.

“సరే, గుడ్డ దొరికింది,” అన్నాను. “బాబాయ్, ఆ చెయ్యి మీరు కుట్టి పారెయ్యండి. మీకు ఇరవై నిమిషాల పని. గండం గడుస్తుంది.”

బాబాయి సూదికి దారం కూడా ఎక్కించాడు. వదిన లేచింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“వద్దు బాబాయ్.”

“వద్దంటే ఎలాగే? శుక్రవారం ఆ పిల్ల కోటు పోతే?” అన్నాడాయన.

“పోతే నా కూతురికి నేనే చెప్పుకుంటాను. మీరు కుడితే మంచి కోటే వస్తుంది, నాకు తెలుసు. కానీ దాంట్లో మళ్ళీ నాది ఎడమ చెయ్యే అవుతుంది,” అని నా వైపు తిరిగింది. “అక్కా, రేపు ఒక్కరోజు నాకివ్వండి.”

ఇవ్వకూడదు. సూపర్‌వైజరుగా నా బుద్ధి అదే చెప్పింది. ఇచ్చాను.

గురువారం ఆమె మిషను పని లైనింగ్ ఆవిడ పంచుకుంది. బాబాయి తన స్టూలు జరిపి వదిన పక్కన వేసుకుని చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ముట్టుకోనని ఒట్టు పెట్టుకున్నాడు పాపం, మధ్యలో రెండుసార్లు ఆయన వేళ్ళు వాటంతటవే ముందుకొస్తే వెనక్కి లాక్కున్నాడు. “కిందిముక్క నీ వైపు కాదే, నా వైపు. నువ్వు అద్దంలో చూసుకుంటున్నావనుకో, అలా!” వదిన కుట్టింది, విప్పింది. మళ్ళీ కుట్టింది, మళ్ళీ విప్పింది. నుదుటి మీద చెమట కారి కంట్లో పడుతుంటే కాలరు పిల్ల తుడిచింది. ఐదింటికి పావుగంట ముందు కోటును బొమ్మకు తొడిగింది. రెండు చేతులూ ముందుకే వంగి ఉన్నాయి. ఇస్త్రీ చేసి మిగతావాటి మధ్య ఇరవై ఏడో కొక్కేనికి తగిలించింది.

శుక్రవారం పదకొండింటికి చెక్కింగ్ ఆయన వచ్చాడు. ఆయన్ని భూతద్దం అంటాం. జేబులో నిజంగానే ఒకటి ఉంటుంది. మంచి మాట అన్న పాపాన పోయిన మనిషి కాదు. బాగుంటే కొక్కేనికి తిరిగి తగిలిస్తాడు, లేకపోతే నేల మీద పడేస్తాడు, అంతే. పంతొమ్మిదో కోటు పడేశాడు. జేబు మూత పిసరంత వంకర. నా పదకొండు నెలల రికార్డు అక్కడికి సరి. చిత్రమేమిటంటే నేను దాని వైపు కన్నెత్తి కూడా చూడలేదు. నా ప్రాణమంతా ఇరవై ఏడు మీద ఉంది.

అది చేతిలోకి తీసుకున్నాడు. కాలరు చూశాడు, కాజాలు చూశాడు, లైనింగ్ తిప్పి చూశాడు. ఎడమ చెయ్యి చూసి వదిలేశాడు. కుడి చెయ్యి దగ్గర ఆగి, భూతద్దం బయటికి తీశాడు. భుజం కుట్టు మీద వేలు పెట్టి నెమ్మదిగా చుట్టూ తిప్పాడు. రెండో వరసలో వదిన మిషను ఆగిపోయింది. ఆ తర్వాత అన్ని మిషన్లూ ఆగిపోయాయి.

“ఈ కోటు కుడి చెయ్యి ఎవరు కుట్టారు?” అన్నాడు.

“ఎందుకండీ, ఏమైంది?” అన్నాను.

“రోజూ కుట్టే మనిషి కాదు. ఇది వేరే చెయ్యి.” ఇంకోసారి చూశాడు. “బాగుంది,” అని కొక్కేనికి తగిలించి ఇరవై ఎనిమిదోది అందుకున్నాడు.

ఆయన అటు గేటు దాటాడో లేదో షెడ్డులో ఒకటే గోల. బాబాయి మాత్రం మూతి ముడుచుకున్నాడు. “పాతికేళ్ళుగా కుడుతున్నాను, ఒక్కనాడు నన్ను బాగుందన్నాడా? నేర్పిన పాపానికి నా పరువు తీసిందిరా బాబూ!” అంటూనే వదిన నెత్తి మీద చెయ్యి పెట్టాడు. పంతొమ్మిదో కోటు జేబు మూత సాయంత్రానికి నేనే విప్పి కుట్టాను. పాత మిషను మీద కూర్చుని చాలా ఏళ్ళయింది. బాగానే వచ్చింది.

సోమవారం పొద్దున నలుగురం వెళ్ళాం. వదిన, నేను, బాబాయి, కటింగ్ మాస్టరు. చిట్టికి కోటు సంగతి ఎవరూ చెప్పలేదు, వదిన చెప్పనివ్వలేదు. రైళ్ళ షెడ్డు ముందు పెద్ద ఆవరణలో నలభైమంది నీలం కోట్లలో వరసగా నిలబడి ఉన్నారు. అందరి కోట్లూ ఒకేలా ఉన్నాయి, ఇరవై ఏడు ఏదో బయటివాళ్ళెవరూ చెప్పలేరు. మాకు మాత్రం గేటు దగ్గర్నుంచే తెలిసిపోయింది. వాళ్ళ పెద్దాఫీసరు చిట్టి కోటుకు బ్యాడ్జీ తగిలించగానే అందరూ చప్పట్లు కొట్టారు. నాకు చప్పట్లు చాలలేదు. మెళ్ళో విజిల్ తీసి గట్టిగా ఊదేశాను. నలభైమంది డ్రైవర్లూ ఉలిక్కిపడి, ఏ రైలు కదిలిందోనని వెనక్కి తిరిగి చూశారు. బాబాయి నన్ను ఎరగనట్టు రెండడుగులు పక్కకు జరిగాడు.

అయ్యాక చిట్టి పరుగున వచ్చింది. చిన్నప్పటి అలవాటు పోలేదు, రాగానే ఎడమ చెయ్యి వాళ్ళమ్మ ముందుకు చాచింది.

“అమ్మా, చూడు! పొద్దున తొడుక్కోగానే ముందు ఇదే చూసుకున్నాను. ఇది నీదే కదా?”

వదిన ఆ చెయ్యి వదిలేసి కుడి చెయ్యి పట్టుకుంది.

“ఇదీ నాదే,” అంది.

చిట్టికి అర్థం కాలేదు. నా మొహం చూసింది, బాబాయి మొహం చూసింది. ఆయన “నాది కాదమ్మా,” అన్నట్టు రెండు చేతులూ ఎత్తేశాడు.

“కాలరు?” అంది చిట్టి మెల్లగా.

“నాదే.”

“జేబులు? ఈ కాజాలూ?”

“నావే. కత్తెర కూడా నేనే వేశాను.”

చిట్టి కోటును పైనుంచి కిందిదాకా తడుముకుంది. కళ్ళల్లో నీళ్ళు నిండుతుంటే నవ్వబోయింది. “అయితే ఇందులో నీది కానిదేముందే అమ్మా?”

వదిన కూతురి కాలరు సరిచేసింది. ఆమెను నిలువెల్లా ఒకసారి చూసుకుంది.

“ఏమీ లేదు,” అంది. “లోపలున్నదీ నాదే.”